నడక ఒక్కటే చాలదు: పసిబిడ్డ నుంచి తాతమ్మ దాకా ఒంటికి పని చెప్పే పద్ధతి

తెల్లవారుజామున ఏ ఊళ్ళో చూసినా హైస్కూలు గ్రౌండులో నడిచేవాళ్ళు కనిపిస్తారు. హైదరాబాదులో కేబీఆర్ పార్కు దగ్గరా, విశాఖ బీచ్ రోడ్డు మీదా అదే దృశ్యం. చాలా మంచి అలవాటు. కానీ వాళ్ళలో అరవై దాటినవాళ్ళని నేలమీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమనండి. ఎంతోమంది తడబడతారు. నాలుగు కిలోమీటర్లు సునాయాసంగా నడిచే మనిషి పీట మీంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడంటే, గుండెకీ ఊపిరితిత్తులకీ పని దొరుకుతోంది గానీ తొడలకి దొరకడం లేదన్నమాట.

ఒంటికి మూడు రకాల పని కావాలి: ఆయాసం తెప్పించే పని, కండకి బలం పెంచే పని, పడిపోకుండా నిలబెట్టే పని. మన ఇళ్ళలో మొదటిది కొంత జరుగుతోంది. మిగతా రెండింటినీ దాదాపు వదిలేశాం. అందుకే ఈ మార్గదర్శిలో వాటికే ఎక్కువ చోటిచ్చాం.

లోపల జరిగేదేమిటి

1953లో జెరెమీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద తన పరిశీలన ప్రచురించాడు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. శరీరశ్రమకీ గుండెకీ ఉన్న సంబంధం మీద ఆధునిక పరిశోధన ఒక రకంగా అక్కడే మొదలైంది.

షుగరు సంగతి ఇంకా ఆసక్తికరం. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు రక్తంలోని గ్లూకోజును ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి లాక్కుంటుంది. ఒంట్లో అతి పెద్ద కండరాలు తొడలవీ, పిరుదులవీ. అన్నం తిన్న అరగంటలోపు పది పదిహేను నిమిషాలు నడిస్తే భోజనం తర్వాతి షుగరు అంతగా ఎగబాకకపోవడానికి కారణం ఇదే. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్లు. చెన్నై వైద్యులు 2006లో ప్రచురించిన పరీక్షలో, షుగరు అంచున ఉన్నవాళ్ళు తిండీ నడకా మార్చుకుంటే మధుమేహం వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్ళంతా మనలాంటి ఒంటితీరు ఉన్న భారతీయులే కాబట్టి ఆ అంకెని మనం గట్టిగా పట్టుకోవచ్చు.

బీపీ ఉన్నవాళ్ళు క్రమం తప్పకుండా చురుగ్గా నడిస్తే పై అంకె సుమారు 5 నుంచి 8 పాయింట్లు దిగుతుంది. అలాగని మాత్రలు సొంతంగా ఆపకూడదు. దిగిన అంకెలు రాసుకుని డాక్టరుకు చూపిస్తే, మోతాదు తగ్గించాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు.

ఇక కండ. ముప్పై దాటాక పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరుగుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. తరిగినచోట కొవ్వు చేరుతుంది కాబట్టి తూకంలో తేడా కనబడదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. అయితే తరిగిన బలం ఏ వయసులోనైనా కొంత తిరిగొస్తుంది. 1990లో బోస్టన్‌లో, సంరక్షణ కేంద్రంలో ఉంటున్న తొంభై ఏళ్ళ వయసు వృద్ధులు పదిమంది చేత ఎనిమిది వారాలు బరువులతో కాళ్ళ వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసినవాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. "ఈ వయసులో నాకెందుకులే" అనే నానమ్మకి ఈ ఒక్క సంగతి చెప్పండి.

ముందు కొలుచుకోండి

ఇంట్లోనే, పావుగంటలో అయిపోయే కొలతలు మూడున్నాయి. పక్కన ఒక మనిషి ఉండాలి.

1. కుర్చీ పరీక్ష. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ళ ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 14 రావాలి. 65–69కి 11, 12. 70–74కి 10, 12. 75–79కి 10, 11. 80–84కి 9, 10. ఇంతకంటే తక్కువ వస్తే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. చేతులు ఆనించాల్సి వస్తే సున్నా వేసుకోండి. సున్నా వచ్చిందని చిన్నబోవద్దు, అక్కడి నుంచి ఎలా ఎక్కాలో కింద ఉంది.

2. నిలకడ పరీక్ష. వంటింటి గట్టు పక్కన నిలబడి, ఒక పాదం మడమని రెండో పాదం వేళ్ళకి తాకించి, తాడు మీద నడిచేవాడిలా వరసలో పెట్టండి. ఏదీ పట్టుకోకుండా 10 సెకన్లు నిలబడలేకపోతే, నిలకడ వ్యాయామాలు రోజూ చేయాల్సిందే.

3. మాట పరీక్ష. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. పాట హాయిగా వచ్చేస్తుంటే అది షికారు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది తీవ్రమైన శ్రమ. నిమిషానికి 100 అడుగులు అని ఇంకో గుర్తు పెట్టుకోవచ్చు: 15 సెకన్లకి 25 అడుగులు పడాలి. చేతి గడియారంలో కనిపించే గుండెవేగం కంటే ఈ పరీక్ష నమ్మకం. బీపీకీ గుండెకీ ఇచ్చే అటెనలాల్, మెటోప్రలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళలో గుండెవేగం మందు వల్లే తక్కువగా ఉంటుంది, ఆ అంకె చూసి వేగం పెంచితే ప్రమాదం.

నడిస్తే ఛాతీ బరువెక్కేవాళ్ళు, ఈ మధ్య కళ్ళు తిరిగి పడినవాళ్ళు, విశ్రాంతిగా ఉన్నప్పుడే బీపీ 180/110 దాటేవాళ్ళు, గుండె ఆపరేషనో స్టెంటో అయినవాళ్ళు ముందు డాక్టరుని కలిసి తీరాలి. మిగతావాళ్ళు నెమ్మది నడకతో ఈరోజే మొదలుపెట్టవచ్చు.

కుర్చీ మీంచి లేవడం: ఇంటిల్లిపాదికీ పనికొచ్చే ఒక్క వ్యాయామం

ఒక్కటే చేయగలం అనేవాళ్ళు దీన్నే చేయండి. వినాయకుడి ముందు తీసే గుంజీళ్ళకి ఇది సురక్షితమైన రూపం.

కుర్చీ వెనక్కి జరగకుండా గోడకి ఆనించాలి. నున్నటి టైల్స్ మీద తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది, చెక్క కుర్చీయో ఇనప కుర్చీయో మేలు. సీటు ముందు సగంలో కూర్చోండి. పాదాలు నడుమంత ఎడంగా, మోకాళ్ళకంటే నాలుగు వేళ్ళు వెనగ్గా పెట్టండి. చాలామంది పాదాలు ముందుకు చాపి లేవబోతారు. అలా అయితే ఒంటి బరువు పాదాల మీదికి రాదు, మూడుసార్లు ఊగి ఊగి లేవాల్సి వస్తుంది. ఇప్పుడు ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ఛాతీని ముందుకు వంచండి. నడుం గూనిలా కాదు, తొడ కీలు దగ్గర వంగాలి. ఊపిరి వదులుతూ మడమలతో నేలని నొక్కి పైకి లేవండి. పైన ఒక క్షణం పిరుదులు బిగించి నిటారుగా నిలబడండి.

బలం కూర్చునేటప్పుడు కూడా వస్తుంది. లోపల మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. దభీమని పడితే సగం లాభం పోయినట్టే, వెన్నుపూసకి కుదుపు కూడా. మోకాళ్ళు లోపలికి ఒకదాని వైపు ఒకటి వాలిపోతున్నాయా చూసుకోండి. వాలుతుంటే తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నట్టు. మోకాళ్ళకి పైన ఒక తువ్వాలు వదులుగా కట్టి, దాన్ని బయటికి తోస్తూ లేస్తే ఆ తప్పు సర్దుకుంటుంది. ఊపిరి బిగబట్టకండి. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది.

ఒక్కసారి కూడా లేవలేనివాళ్ళు సీటు మీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచుకోండి, లేదా చేతులున్న కుర్చీలో చేతులు ఆనించి లేచి, ఆనించకుండా దిగండి. 5 సార్లు, రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. వారం వారం ఒకటి రెండు పెంచుకుంటూ 12కి చేరాక దిండు తీసేయండి. 15 సార్లు తేలిగ్గా అయిపోతున్న రోజున పని కష్టం చేయాలి: లీటరు నీళ్ళ సీసాలు చెరొక చేత్తో పట్టుకోండి, తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి ఛాతీకి హత్తుకోండి, ఆ తర్వాత కుర్చీ బదులు పీట. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపిస్తేనే కండ పెరుగుతుంది. అదే పది, అదే సులువు, ఏడాదంతా చేస్తే ఉన్నది నిలుస్తుంది, పెరగదు.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఎడం ఇవ్వండి. మర్నాడూ ఆ మర్నాడూ తొడలు పట్టేసినట్టుంటే కంగారు పడక్కర్లేదు, మూడో రోజుకి వదులుతుంది. కీలు లోపల పోటుగా పొడిస్తే మాత్రం ఎత్తు పెంచి, సంఖ్య తగ్గించండి.

పసివాళ్ళు, బడిపిల్లలు

ఏడాది లోపు బిడ్డని మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట, విడతలు విడతలుగా, బోర్లా పడుకోబెట్టి ఎదురుగా కూర్చోండి. మెడ, భుజాలు గట్టిపడేది అలాగే. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజులో మూడు గంటల ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడేళ్ళు నిండాక అందులో గంట పరుగులూ గెంతులూ ఉండాలి. గంటలు గంటలు ప్రామ్‌లోనో ఎత్తు కుర్చీలోనో కట్టేసినట్టు కూర్చోబెట్టడం, ఫోను చేతికిచ్చి అన్నం పెట్టడం ఈ వయసులో చేసే పెద్ద పొరపాట్లు.

5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి సగటున రోజుకో గంట, ఒగర్చేంత ఆట. వారంలో మూడు రోజులు ఎముక మీద తాకిడి పడే ఆట ఉండాలి. ఎముక ఈత వల్ల పెద్దగా గట్టిపడదు, గెంతితే గట్టిపడుతుంది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద దిగిన ప్రతిసారీ కాలి ఎముక మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు పడుతుంది. ఆ తాకిడికే ఎముక కణాలు మేల్కొని కొత్త ఎముక పేరుస్తాయి. తాడాట, ఖోఖో, కబడ్డీ, కోతికొమ్మచ్చి అన్నీ ఈ కోవలోవే. పిల్లలు జువ్వలా ఎదిగే రెండేళ్ళున్నాయే, పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు పావు వంతు ఆ కొద్దికాలంలోనే చేరుతుంది. ఆడపిల్లలకి ఆ కాలం సుమారు 11–13 ఏళ్ళు, మగపిల్లలకి 13–15. సరిగ్గా అప్పుడే మనం "పెద్దపిల్లయింది" అని అమ్మాయిని ఆట మాన్పిస్తాం, "టెన్త్ క్లాసు" అని అబ్బాయిని కుర్చీకి అతికిస్తాం. ఎముక మళ్ళీ ఆ వేగంతో పెరగదు. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులు పట్టుపట్టాలి.

గ్రౌండు లేని కాలేజీ హాస్టల్లో ఉన్న ఇంటర్ పిల్లలకి కనీస ఏర్పాటు ఇది: పొద్దున పది నిమిషాలు తాడాట, అంటే 30 గెంతులు, అరనిమిషం విరామం, మళ్ళీ 30. సాయంత్రం పావుగంట మెట్లెక్కి దిగడం, గది నేలమీద 10 దండాలు (పుషప్స్) మూడు విడతలు. రోజుకి కావలసిన గంటలో దాదాపు సగం ఇక్కడే దక్కుతుంది. గంట ఒకేసారి కావాలన్న నియమం ఏమీ లేదు, ముక్కలు కలిపినా లెక్కలోకి వస్తుంది.

ఇరవై నుంచి అరవై

పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ, వాటితో పాటు రెండు రోజులు బలం పెంచే పని. 2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగంమంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. ఆడవాళ్ళలో అది సుమారు 57 శాతం. ఇంటిపని సరిపోదా అని చాలామంది అడుగుతారు. గొంతుకూర్చుని ఇల్లు తుడవడం, మెట్లెక్కి నీళ్ళు మోయడం లెక్కే, ఆయాసం వస్తుంది కాబట్టి. పొయ్యి దగ్గర మూడు గంటలు నిలబడితే కాళ్ళు లాగుతాయి గానీ గుండెకి పని పడదు. వరినాట్లు వేసే మనిషికి మళ్ళీ వాకింగ్ చెప్పడం అన్యాయం. ఆమెకి కావలసింది వేరు: గట్టెక్కినప్పుడల్లా చేతులు నడుం మీద పెట్టుకుని ఐదుసార్లు మెల్లగా వెనక్కి వంగడం, మధ్యాహ్నం పావుగంట వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడవడం.

కుర్చీ ఉద్యోగం చేసేవాళ్ళకి పన్నెండు వారాల వరస ఇలా పెట్టుకుంటే నిలుస్తుంది.

మొదటి రెండు వారాలు: రోజుకి 10 నిమిషాలు, భోజనం తర్వాత. అంతే. ఉత్సాహం కొద్దీ మొదటిరోజే గంట నడిచి, మడమ నొప్పితో పదో రోజు మానేసేవాళ్ళు ఎక్కువ.

3–6 వారాలు: రోజుకి 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. మంగళ, శుక్రవారాల్లో బలం పని: కుర్చీ గుంజీళ్ళు 10, గోడ దండాలు (నిలబడి గోడకి చేతులు ఆనించి తీసే దండాలు) 10, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి నడుం పైకెత్తడం 10, మునివేళ్ళ మీద లేవడం 15. రెండు విడతలు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

7–12 వారాలు: 30 నిమిషాల నడక, అందులో ప్రతి మూడు నిమిషాలకీ ఒక నిమిషం బాగా వేగంగా. గోడ దండాల నుంచి వంటగట్టు దండాలకి, తర్వాత మంచం పట్టె మీదికి దిగండి. ఎత్తు తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది. వీటికి ఒక లాగుడు కూడా చేర్చండి: ఒక చెయ్యి కుర్చీకి ఆనించి వంగి, రెండో చేత్తో ఐదు కిలోల సంచిని డొక్క దాకా లాగడం, 10 సార్లు. ముందుకు తోసేవి మాత్రమే చేస్తూ పోతే భుజాలు ముందుకు కుంగుతాయి.

తిండి సంగతి ఒక్క మాట. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. పెద్ద వయసువాళ్ళకి ఒంటి బరువులో కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 7, చిక్కటి పప్పు కప్పుడులో 7 నుంచి 9. పలుచటి చారుతో రెండు పూటలా అన్నం తినే ముసలివాళ్ళు ఆ అంకె దరిదాపులకి రారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదే తీసుకోవాలి.

గర్భిణులకి కూడా, అడ్డంకులేవీ లేకపోతే, వారానికి 150 నిమిషాలే. ఏ కారణమూ లేకుండా మంచానికి పరిమితమైతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. నాలుగో నెల దాటాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు వద్దు, గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్ళు తిరుగుతాయి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, పిక్కలో ఒకవైపు వాపు, ఆగని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. కాన్పయ్యాక మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలని ఐదు సెకన్లు బిగించి ఐదు సెకన్లు వదలడం, 10 సార్లు, రోజుకి మూడు పూటలు. దగ్గితే మూత్రం జారే ఇబ్బందికి ఇది మొదటి మందు. సిజేరియన్ అయినవాళ్ళు బిడ్డకంటే బరువైనవి ఆరు వారాల పరీక్ష అయ్యేదాకా ఎత్తకూడదు.

ముట్లుడిగిన తొలి ఐదారేళ్ళలో ఎముక వేగంగా పలచబడుతుంది. ఆ సమయంలో నడకకంటే మెట్లెక్కడం, బరువులెత్తడం ఎముకకి మేలు. ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్ళు ముందుకు వంగి బరువెత్తడం, పొట్ట కోసం పడుకుని లేచే సిట్-అప్స్ మానేయాలి. వెన్నుపూస ముందువైపు నలిగేది ఆ భంగిమలోనే.

అరవై దాటాక

నడక, బలం పైన చెప్పినవే. నిలకడ వారానికి కనీసం మూడు రోజులు చేరాలి. వంటింటి గట్టు పట్టుకునే చేయండి, తడిగా ఉండే స్నానాలగదిలో ఎప్పుడూ వద్దు. మెట్లు ఇవి: రెండు పాదాలు కలిపి నిలబడడం, ఒకటి సగం ముందుకు, మడమకి వేళ్ళు తాకిస్తూ వరసలో, చివరికి ఒంటికాలు. ప్రతిదీ 10 సెకన్లతో మొదలుపెట్టి 30కి తీసుకెళ్ళండి. మొదట రెండు చేతులూ గట్టు మీద, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక వేలు. 30 సెకన్లు కుదిరాకే పై మెట్టు. ఆ తర్వాత గట్టు వెంబడి పక్కకి పది అడుగులు, వెనక్కి పది అడుగులు. పక్క అడుగు ముఖ్యం, ఎందుకంటే తుంటి ఎముక విరిగే పడటాలు ఎక్కువగా పక్కకి పడేవే.

పడుకుని లేవగానే నడవొద్దు. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని పాదాలు పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించి లేవాలి. బీపీ మాత్రలు వాడేవాళ్ళలో రాత్రిపూట పడిపోవడానికి ఆ ఒక్క నిమిషం తొందరే చాలాసార్లు కారణం.

ఇంకొకటి ఎవరూ నేర్పరు: పడ్డాక లేవడం. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్నవాళ్ళు, నెలకి రెండుసార్లు మెత్తటి బొంత మీద దీన్ని సాధన చేయాలి, మొదట ఎవరైనా పక్కనుండగా.

1. కంగారుగా లేవకండి. ఒక నిమిషం అలాగే ఉండి చేతులూ కాళ్ళూ కదిపి చూసుకోండి. గజ్జల్లో భరించలేని నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉన్నా కదలొద్దు, 108కి ఫోను చేయండి.
2. ఒక పక్కకి ఒత్తిగిల్లండి. పైచేత్తో నేలని తోస్తూ మోచేతి మీదికి, అక్కడి నుంచి చేతులూ మోకాళ్ళ మీదికి రండి.
3. పాకుతూ మంచం దగ్గరికో బరువైన కుర్చీ దగ్గరికో వెళ్ళండి.
4. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమున్న కాలి పాదాన్ని ముందు నేలమీద నిలపండి.
5. చేతులతో, ఆ కాలితో కలిపి తోస్తూ లేచి, నెమ్మదిగా తిరిగి కూర్చోండి. రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబడండి.

మోకీలు మార్పిడి అయినవాళ్ళు మోకాళ్ళ మీద ఆనొచ్చో లేదో ఫిజియోథెరపిస్టుని అడిగాకే ఇది చేయాలి.

షుగరు, మోకాళ్ళు, ఎండ

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు నడక మధ్యలో షుగరు పడిపోవచ్చు. బయల్దేరేముందు 90కి తక్కువ ఉంటే ఒక అరటిపండు తిని వెళ్ళండి. చేతులు వణకడం, చెమట, తికమక మొదలైతే ఆగి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకు తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొట్లం తప్పనిసరి. నడకకి ముందు ఇన్సులిన్ తొడలో పొడుచుకోకండి, తొడ పనిచేస్తున్నప్పుడు మందు వేగంగా రక్తంలోకి ఎక్కుతుంది. పొట్ట మీద తీసుకోండి. పాదాల్లో తిమ్మిర్లున్నవాళ్ళు గుడి ప్రదక్షిణలు కూడా ఎండెక్కాక ఉత్తకాళ్ళతో చేయకూడదు. కాలిన బొబ్బ నొప్పి తెలియదు, పుండయ్యాకే తెలుస్తుంది. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. కంటి లోపలి రక్తనాళాల నుంచి రక్తం కారుతోందని చెప్పించుకున్నవాళ్ళు బరువులూ తలకిందుల ఆసనాలూ కంటి డాక్టరు సరేనన్నాకే.

మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళు నడక మానేస్తే తొడ సన్నబడి, బరువంతా కీలు మీదే పడుతుంది. నొప్పికి పదిలో మార్కులేసుకోండి. మూడు దాకా ఫరవాలేదు, మర్నాటికి తగ్గిపోవాలి. తగ్గకపోతే మర్నాడు సగమే చేయండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి ఐదు సెకన్లు బిగబట్టడం, ఒక్కో కాలికి 10 సార్లు, నొప్పి ఎక్కువున్న రోజుల్లో కూడా చేయవచ్చు. హవాయి చెప్పులతో వాకింగ్ వద్దు, మడమ జారకుండా వేళ్ళతో పట్టుకుని నడవాల్సి వచ్చి పిక్కలు, అరికాళ్ళు నొప్పెడతాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరలోపు ముగించండి. కోస్తా ఉక్కలో చెమట ఆరదు కాబట్టి, అదే ఉష్ణోగ్రత దగ్గర రాయలసీమ కంటే కాకినాడ, విజయవాడల్లో ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. ఎండాకాలం మొదట్లోనూ, చలిదేశం నుంచి సెలవులకి వచ్చినప్పుడూ మొదటి పది రోజులు సగం వేగమే. మాటలు తడబడి ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకి తెచ్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసురుతూ 108కి చెప్పండి, స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు.

ఛాతీలో బరువు, అది దవడకో ఎడంచేతికో పాకడం, చల్లచెమట, ఎన్నడూ లేనంత ఆయాసం వస్తే ఎవరైనా, ఏ వయసువాళ్ళయినా ఆగాలి. గ్యాస్ అనుకుని సోడా తాగి చూద్దామని కూర్చోకండి. అరగంట ఆలస్యం కూడా గుండె కండరాన్ని తినేస్తుంది.

జ్వరం ఉన్నన్నాళ్ళూ వ్యాయామం లేదు. డెంగీ, చికున్‌గున్యా తర్వాత నీరసం పోయేదాకా ఇంట్లో నడకే. వారం రోజులు ఆగితే ఆగినచోటి నుంచే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైతే సగం సంఖ్యతో, నెల దాటితే మొదటి వారం వరస నుంచి. ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంట్లో పెద్దవాళ్ళందరూ కుర్చీ పరీక్ష చేసి, ఎవరికెన్ని వచ్చాయో గోడ క్యాలెండరు మీద ఆ గడిలోనే రాయండి. తాతయ్య 8, నానమ్మ 9, నాన్న 17, అమ్మ 15. లెక్కపెట్టే పని పిల్లలకి అప్పజెప్పండి.